ఉచితమే కదా, మరి ఎందుకు వాడరు?

(సొసైటీ వార్షిక సమావేశంలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సర్వసభ్య సమావేశం ముందు ఒక ఖర్చు విషయం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. మన శిక్షణ కేంద్రంలోని యంత్రాల్లో సగానికి పైగా మీలో కొందరు మీ పాత ఆఫీసుల నుంచి ఇప్పించినవే. గట్టి యంత్రాలు, బాగానే పనిచేస్తున్నాయి. కానీ వాటిలో విండోస్ 11 ఎక్కదు. అది కోరే భద్రతా చిప్పు వాటికి లేదు. కాబట్టి మన ముందు రెండు దారులున్నాయి. అన్నిటినీ పక్కన పెట్టి కొత్తవి కొనడం ఒకటి. ఉన్నవాటిలోనే లినక్స్, దానితోపాటు ఇతర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని ఇంకొన్నేళ్లు నడపడం రెండోది.

రెండో దారి మాట ఎత్తినప్పుడల్లా పెద్దలు అంటున్నది ఒకటే: "ఉచితమే కదా, వేసేస్తే పోలా?"

మేము కూడా రెండో దారికే మొగ్గుతున్నాం. అయితే ఉచితం కాబట్టి కాదు. ఉచితం అన్న ఒక్క కారణంతో తెచ్చిపెట్టిన సాఫ్ట్‌వేర్ కొద్ది నెలల్లో ఎవరూ ముట్టుకోని మూలకు చేరడం చాలా చోట్ల జరిగింది. ఎక్కడ నిలిచింది, ఎక్కడ నిలవలేదు, ఎందువల్ల అన్నది దాతలకు తెలియాలి. మీ డబ్బు దేని మీద పెట్టాలన్నది దాన్ని బట్టే తేలుతుంది.

ముందు ఈ మాటేమిటో చెప్పుకుందాం. మామూలుగా మనం కొనే సాఫ్ట్‌వేర్‌లో మనది వాడుకునే అనుమతి మాత్రమే. లోపల ఎలా రాశారో చూడలేం, మార్చలేం, ఇంకొకరికి ఇవ్వలేం. ఓపెన్ సోర్స్‌లో ఆ రాతంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, సరిచేయవచ్చు, పంచవచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' అనే ప్రయత్నాన్ని ప్రకటించారు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. రెండూ కలిసి పూర్తి ఆపరేటింగ్ సిస్టం అయింది. స్టాల్‌మన్ దీన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998లో వచ్చింది. ఏ పేరు సరైనదని ఈ రెండు పక్షాల మధ్య పాత వాదన ఒకటుంది. ఈ పూట అందులోకి వెళ్లం.

మనవాళ్లకు తేలికగా అర్థం కావాలంటే వక్ఫ్‌ను తలచుకోండి. గ్నూ లైసెన్సు కింద ఇచ్చినదాన్ని ఎవరూ తిరిగి తన సొంతం చేసుకుని తాళం వేయలేరు. దాని ఫలం అందరిదీ. పోలిక అన్ని విధాలా సరిపోదు లెండి. ఒక్క విషయంలో మాత్రం బాగా సరిపోతుంది. చూసుకునే ముతవల్లీ లేని వక్ఫ్ ఆస్తి ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక, ఓపెన్ సోర్స్ అంటే నాసిరకం అన్న అనుమానం ఉంటే వదిలేయండి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడుస్తున్నది లినక్స్ కెర్నలే. మీ ఇంట్లో కంప్యూటర్ ఉంటే అందులో నారింజ రంగు కోన్ బొమ్మ ఉన్న వీఎల్‌సీ కూడా ఉండే ఉంటుంది. పారిస్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని అది. దాన్ని వాడమని మనకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నికాహ్ వీడియో సీడీ తెచ్చుకుంటే ఒక ప్లేయర్‌లో బొమ్మ వచ్చేది కాదు, ఇంకో దాంట్లో శబ్దం వచ్చేది కాదు. వీఎల్‌సీలో రెండూ వచ్చేవి. అంతే, ఇంటింటికీ పాకింది. అది ఓపెన్ సోర్స్ అన్న సంగతి వాడేవాళ్లలో చాలామందికి ఇవాళ్టికీ తెలియదు. ఒక చికాకును అక్కడికక్కడే తీర్చింది. దాన్ని పెట్టుకోవడానికి పాతదేదీ తీసేయనక్కర్లేదు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఈ మూడూ కలిసొచ్చిన చోట ప్రచారం అవసరం లేదు. ఆపరేటింగ్ సిస్టం, ఆఫీసు సాఫ్ట్‌వేర్ మార్చాలంటే మాత్రం ఈ మూడూ ఎదురు తిరుగుతాయి.

ధర సంగతి తీసుకోండి. మన దేశంలో ఓపెన్ సోర్స్‌కు అసలు పోటీ వేల రూపాయల లైసెన్సు కాదు, పెన్‌డ్రైవ్‌లోని దొంగ కాపీ. యంత్రం కూర్చి ఇచ్చే కుర్రాడు విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ అన్నీ కలిపి వేసేసి, చేతికూలి మాత్రం తీసుకుంటాడు. వాడేవాడి లెక్కలో అదీ ఉచితమే, ఇదీ ఉచితమే. అలాంటప్పుడు అలవాటైనదాన్ని ఎవరు వదులుతారు? ఓపెన్ సోర్స్ వల్ల లక్షలు మిగులుతాయని చెప్పే కాగితాలు మన ఊళ్లలో ఎవరినీ కదిలించకపోవడానికి కారణం ఇదే. మొదటినుంచీ పెట్టని ఖర్చు మిగిలిందంటే ఎవరు నమ్ముతారు?

ఇక్కడ మా అభిప్రాయం సూటిగా చెబుతాం. జకాత్ పైసా పైసాకూ లెక్క చూపించే సంస్థ, సదఖా సొమ్ముతో నడిచే తరగతి గదిలో తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్ పెట్టి పిల్లలకు పాఠం చెప్పడం మాకు సమ్మతం కాదు. వైరస్‌ల బెడద ఉండనే ఉంది. అది లేకపోయినా ఇదే మాట చెబుతాం.

తర్వాతిది లిపి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడనివ్వండి. మనలాంటి సంస్థలో రోజూ మూడు లిపులతో పని. దరఖాస్తు తెలుగులో, ఉత్తరం ఇంగ్లీషులో, జల్సా పోస్టరు ఉర్దూలో. శుభలేఖ అయితే మూడూ ఒకే కార్డు మీద. మన తెలుగు డీటీపీ పని చాలా ఏళ్లుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లతో సాగింది. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు, అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. ఉర్దూకు 1994 నుంచి ఇన్‌పేజ్ ఉంది. నస్తాలీఖ్ అందాన్ని సామాన్య కంప్యూటర్‌కు తెచ్చింది అదే, కాదనలేం. కానీ దాని పాత వెర్షన్లలో రాసినదీ అంతే, మార్పిడి చేయకుండా ఇంకోచోట చదవలేం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన అచ్చు పని చాలావరకు ఆ పాత దారిలోనే నడిచింది. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ ఫైళ్లన్నీ ఇప్పుడు లినక్స్ ముందు గోడలా నిలబడి ఉన్నాయి. "మా పాత ఫైలు తెరుచుకోవడం లేదు" అన్న ఒక్క మాటతో వాడేవాడు వెనక్కి వెళ్లిపోతాడు. లోపం లినక్స్‌ది కాదని వాడికి ఎంత వివరించినా ఉపయోగం లేదు. వాడికి కావాల్సింది సాయంత్రానికి పోస్టరు.

ఈ గోడ కొంత కరిగింది. సిలికానాంధ్ర వారు పలు తెలుగు ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు. ఉర్దూకు 2014లో నోటో నస్తాలీఖ్ వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేశారు. ఇంకో సంగతి మీకు నచ్చుతుందని చెబుతున్నాం. తెరమీద ఒత్తులు సరిగ్గా అక్షరం కింద కూర్చోవడానికీ, నస్తాలీఖ్ అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారుతూ కలవడానికీ ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ ఒకే ఓపెన్ సోర్స్ ముక్క పనిచేస్తుంది. దాని పేరు హర్ఫ్‌బజ్. ఇరాన్‌లో పుట్టిన ఇంజినీరు బెహ్‌దాద్ ఇస్ఫహబూద్ దాన్ని తీర్చిదిద్దారు. పేరు ఫారసీ నుంచి వచ్చింది. అందులోని హర్ఫ్ మనకు తెలిసిన హర్ఫే. అలాగే పేజీలు కూర్చే స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మన లిపులు చాలాకాలం విరిగిపోయి వచ్చేవి. ఒమన్‌లోని ఒక బృందం అరబ్బీ కోసం పూనుకుని ఆ లోపలి యంత్రాంగాన్ని తిరగరాయడంలో పాలుపంచుకుంది. ఆ పనితో భారతీయ లిపులకూ దారి తెరుచుకుంది. అరబ్బీ కోసం పెట్టిన శ్రమ తెలుగు ఒత్తుకు అక్కరకొచ్చింది.

మూడో అడ్డంకి ఎదుటివాడు. సాఫ్ట్‌వేర్ మనం ఒక్కరమే వాడేది కాదు. మన కేంద్రంలో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు ముందు అడిగేది "ఎమ్మెస్ ఆఫీస్ నేర్పుతారా, ట్యాలీ నేర్పుతారా?" అనే. వాళ్లను తప్పుపట్టలేం. బజారులో కొట్టు యజమాని ఉద్యోగం ఇచ్చేది ట్యాలీ వచ్చినవాడికి. ఆడిటరు అడిగేది ట్యాలీ ఫైలు. లెక్కలకు 'గ్నూ ఖాతా' అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మన దేశంలోనే తయారైంది. అది నేర్చుకున్న అమ్మాయికి అది వాడే కొట్టు ఈ ఊళ్లో దొరకాలి కదా! ప్రభుత్వం వైపు నుంచి చూసినా ఇంతే. సీడాక్ 2007లో 'బాస్' అనే భారతీయ లినక్స్‌ను విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ వాడకానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. అయినా మన పనుల మీద ఆఫీసులకు తిరిగేటప్పుడు దాన్ని చూడటం అరుదు. ఉత్తర్వు ఒక్కటే బల్లమీదికి సాఫ్ట్‌వేర్‌ను తేలేదు.

మరి ఎక్కడా నిలవలేదా అంటే, నిలిచింది. మన దక్షిణాదిలోనే కేరళ ఉంది. అక్కడ ప్రభుత్వ పాఠశాలల కోసం ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం 2001 ప్రాంతంలో మొదలైంది. మొదట అక్కడా పాఠాలు విండోస్ మీదే. ఉపాధ్యాయ సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ఒత్తిడి తెచ్చాక, కొద్దేళ్లలో పాఠశాలలు పూర్తిగా లినక్స్‌కు మారాయి. మేము గమనించినది వాళ్లు మారిన తీరు. ముందు కొందరు ఉపాధ్యాయులకు గట్టి శిక్షణ ఇచ్చి మాస్టర్ ట్రైనర్లను చేశారు. వాళ్లు మిగతావారికి నేర్పారు. పాఠ్యపుస్తకం దాన్ని బట్టే రాశారు. పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష దాని మీదే పెట్టారు. మలయాళం ఫాంట్ల మీద స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్లు అప్పటికే పనిచేస్తున్నారు. అంటే యంత్రం, గురువు, పుస్తకం, పరీక్ష, లిపి ఐదూ ఒకేసారి ఒకే దిక్కుకు తిరిగాయి. పిల్లవాడికి వేరే కారణం చెప్పనక్కర్లేకపోయింది. పరీక్ష ఉంది, నేర్చుకున్నాడు. 2018 నుంచి 'లిటిల్ కైట్స్' పేరుతో పిల్లల సంఘాలు కూడా పెట్టారు. బడిలో యంత్రం మొరాయిస్తే పట్టించుకునేవాళ్లు బడిలోనే తయారవుతున్నారు.

దీని పక్కన జర్మనీలోని మ్యూనిక్ నగరాన్ని పెట్టి చూడండి. 2003లో ఆ నగరపాలక సంస్థ లినక్స్‌కు మారాలని తీర్మానించింది. ప్రపంచమంతా దాని గురించి రాసింది. పదేళ్లు కష్టపడి 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మార్చారు. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని అదే సభ ఓటు వేసింది. సాఫ్ట్‌వేర్ పనికిరాకనే అలా జరిగిందని చెప్పడం సులువు. కానీ ఇతర ప్రభుత్వ శాఖల నుంచి వచ్చే పత్రాలు సరిగ్గా తెరుచుకోకపోవడం, సాయం చేసే ఐటీ సిబ్బంది చాలా విభాగాలుగా చీలిపోయి ఉండటం, మొదట పట్టుదల చూపిన నాయకత్వం మారిపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. 2020లో మళ్లీ కొత్త పాలకపక్షం వీలైన చోట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అంది. ఫ్రాన్స్‌లో జాందార్మరీ అనే పోలీసు దళం ఇంకో దారిలో వెళ్లింది. 2005 ప్రాంతంలో ముందు ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చారు, విండోస్ అలాగే ఉంచి. తర్వాత బ్రౌజర్, మెయిల్. ఉద్యోగులు వాటికి చెయ్యి తిరిగాక, 2008 నుంచి కింద ఉన్న విండోస్‌ను తీసి ఉబుంటు లినక్స్ వేయడం మొదలుపెట్టారు. తెరమీద రోజూ చూసే బొమ్మలు అవే కాబట్టి అడుగు మార్పు పెద్దగా తెలియలేదు. ఆ దళం ఈనాటికీ దాన్ని వాడుతోంది. పెళ్లికూతురుకు అత్తగారింటి వంట ముందే అలవాటు చేయించినట్టుంది ఈ పద్ధతి అని మా కమిటీలో ఒక పెద్దామె అన్నారు.

ఇప్పుడు డబ్బు మాటకు వస్తాం. న్యూజీలాండ్‌లో హొరొవెన్యువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టు ఉంది. వాళ్ల పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరం దాటి నడవదని తేలింది. కొత్తది కొనే బదులు రాయించుకున్నారు, రాయించుకున్నదాన్ని లోకానికి ఇచ్చేశారు. 2000 జనవరి నుంచి వాడకంలోకి వచ్చిన దాని పేరు కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. ఇవాళ మన దేశంలో ఎన్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి. కానుకగా ఇచ్చినందుకే అది బతకలేదు. దాన్ని అమర్చి, నేర్పి, చెడితే బాగుచేసి డబ్బు తీసుకునే సంస్థలు అనేక దేశాల్లో పుట్టుకొచ్చాయి. ఫోను చేస్తే పలికే మనిషి ఉన్నాడు కాబట్టి గ్రంథాలయాలు ధైర్యం చేశాయి.

మనిషికి డబ్బు పెట్టని చోట ఏమవుతుందో 2014లో లోకం చూసింది. బ్యాంకు లావాదేవీల దగ్గర నుంచి మెయిల్ దాకా భద్రంగా సాగడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ ముక్క మీద లెక్కలేనన్ని సంస్థలు ఆధారపడి ఉన్నాయి. అందులో 'హార్ట్‌బ్లీడ్' అనే ప్రమాదకరమైన లోపం బయటపడింది. అప్పుడు తెలిసిందేమిటంటే, కోట్లకు పడగలెత్తిన కంపెనీలన్నీ వాడుకుంటున్న ఆ పనిని చూసుకుంటున్నది గుప్పెడు మంది. ఏడాదికి వాళ్లకు అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు చేతులు జేబుల్లో పెట్టాయి.

అందుకే దాతలకు మా విన్నపం మామూలుగా ఉండేదానికి భిన్నంగా ఉంది. కంప్యూటర్ ఇస్తే దాని మీద "ఫలానా మర్హూమ్ జ్ఞాపకార్థం" అని అందంగా స్టిక్కరు అంటించగలం. జీతం మీద అంటించలేం. యంత్రాలు ఇచ్చేవాళ్లు మనకు ఎప్పుడూ దొరికారు, అల్‌హమ్దులిల్లాహ్. బోధకురాలి జీతానికి అడిగినప్పుడు మాత్రం "ఈ ఏడాదికి చూద్దాం" అన్న జవాబే ఎక్కువ. కేరళలో నిలిచినా, గ్రంథాలయాల్లో నిలిచినా, నిలబెట్టింది ఆ జీతం తీసుకున్న మనిషే.

కొత్త కంప్యూటర్లకని అనుకున్న మొత్తంలో పెద్ద భాగాన్ని మూడేళ్లపాటు ఒక పూర్తికాలపు బోధకురాలికి, ఒక పార్ట్‌టైమ్ సాంకేతిక సహాయకుడికి కేటాయించమని కోరుతున్నాం. మూడేళ్లు అని పట్టుబట్టడం ఎందుకంటే, ఏడాదికి మాత్రమే మాట ఇస్తే మంచి మనిషి రాదు, వచ్చినా ఆరో నెలనుంచే వేరే ఉద్యోగం వెతుక్కుంటుంది. ఆ అమ్మాయి మన కేంద్రంలో చదివినదే అయితే ఇంకా మంచిది. పాత యంత్రాల్లో పాడైన హార్డ్‌డిస్కులు మార్చడానికి కొంత కావాలి. రెండు కొత్త యంత్రాలు మాత్రం లైసెన్సు ఉన్న విండోస్‌తో, లైసెన్సు ఉన్న ట్యాలీతో కొనాలి. ఉద్యోగం కోసం వచ్చిన పిల్లను సిద్ధాంతం పేరుతో వెనక్కి పంపించం. పాత అను, ఇన్‌పేజ్ ఫైళ్లలో నిజంగా పనికొచ్చేవాటిని యూనికోడ్‌లోకి మార్చే పని కూడా ఆ రెండింటి మీదే చేస్తాం. మదరసా పాఠాల కాగితాలు, వితంతు పింఛన్ల దరఖాస్తు నమూనాలు, గత సంచికల వ్యాసాలు ముందు.

మార్పు జాందార్మరీ వరుసలోనే జరుగుతుంది. రమజాన్ సెలవుల లోపు అన్ని యంత్రాల్లో ఉన్న విండోస్ మీదే లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వేస్తాం. తెలుగు, ఉర్దూ కీబోర్డు అలవాటు అప్పుడే మొదలవుతుంది. ఆ నెలల్లో పాత యంత్రాల్లో అప్‌డేట్లు అందని విండోస్ ఉంటుంది కాబట్టి వాటిలో బ్యాంకు పని, ఆధార్ పని చేయనివ్వం. వేసవి తర్వాత ఒక వరుస యంత్రాలను లినక్స్‌కు మారుస్తాం. ఆ వరుసలో కూర్చున్న పిల్లలు ఇబ్బంది లేకుండా పని చేసుకుంటున్నారని బోధకురాలు రాసిచ్చాకే రెండో వరుస ముట్టుకుంటాం.

ఖర్చుల అంచనా ఈ సంచిక చివరి పేజీల్లో ఆదాయ వ్యయాల పట్టిక వెనుక ఉంది. జీతం పద్దును మూడేళ్లకూ విడివిడిగా చూపించాం. ఒక ఏడాది భారం ఒక కుటుంబం మోయవచ్చు, లేదా నలుగురు కలిసి పంచుకోవచ్చు. కోశాధికారి గారి దగ్గర పేర్లు రాసుకునే పుస్తకం ఉంది. జుహర్ నమాజు తర్వాత భోజనాల దగ్గర ఆయన కూర్చుంటారు. కేంద్రం కూడా ఈ సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. లినక్స్ వేసిన ఒక యంత్రాన్ని కిటికీ పక్కన పెట్టాం, వెళ్లి మీ పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ కొట్టి చూడండి.